ఊళ్లోనే ఉండి ఫోనులో మానసిక వైద్యం పొందడం: గోదావరి డెల్టా కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

"మా మండలంలో మనసు డాక్టరు లేరు. కాకినాడో ఏలూరో వెళ్లాలంటే ఒక రోజు పని పోతుంది. ఫోనులోనే చూపించుకోవచ్చంటున్నారు, అది ఎలాగండి?" అని రాజోలు, నరసాపురం, ముమ్మిడివరం వైపు నుంచి పాఠకులు పదే పదే అడుగుతున్నారు. ఫోను చేయవలసిన నంబరు తెలిసినవారు చాలామందే ఉన్నారు. ఆ నంబరుకు ఫోను చేసే ముందు ఏం సిద్ధం చేసుకోవాలో, అవతలివారు అడిగినప్పుడు ఏం చెప్పాలో, మందుల చీటీ చేతికి వచ్చాక ఏం చేయాలో తెలియక మొదటిసారితోనే ఆపేసినవారు ఎక్కువగా కనిపిస్తున్నారు. అందుచేత ఈ మార్గదర్శిలో ఫోను సంభాషణ కన్నా దానికి ముందు పని, తర్వాతి పని గురించే ఎక్కువగా చెప్పడం జరిగింది.

1. ఫోనులో తీరే విషయమా, ఆస్పత్రికే వెళ్లాలా?

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది ఇదే. దిగులు, నిద్ర పట్టకపోవడం, గుండె దడ, అకారణ భయం, పరీక్షల ఒత్తిడి, అప్పుల బెంగ, ఆత్మీయులు పోయిన దుఃఖం, ఇప్పటికే వాడుతున్న మందుల కొనసాగింపు వంటివి ఫోనులో మొదలు పెట్టదగినవి. కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆన్‌లైన్ ప్రయత్నం పక్కన పెట్టి 108కి ఫోను చేయాలి, లేదా దొరికిన వాహనంలో దగ్గరి ఆస్పత్రికి బయలుదేరాలి.

- ప్రాణం తీసుకునే ప్రయత్నం చేసినా, అపాయకరమైనది ఏదైనా మింగినట్టు అనుమానం ఉన్నా.
- తనకు గానీ ఎదుటివారికి గానీ హాని చేసేంత ఉద్రేకం కనిపించినా.
- ప్రసవమైన కొద్ది రోజులకే బాలింత నిద్ర మాని, పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, బిడ్డ విషయంలో వింత అనుమానాలు చెబుతున్నా.
- పెద్ద వయసువారు ఒకటి రెండు రోజుల్లోనే మనుషులను పోల్చుకోలేని స్థితికి వచ్చినా. ఇది చాలాసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్లనో, ఒంట్లో సోడియం తగ్గడం వల్లనో వస్తుంది. దీనికి రక్త పరీక్ష అవసరం.
- రోజూ మద్యం తాగే మనిషి ఒక్కసారిగా మానేశాక ఒళ్లు వణకడం, చెమటలు పట్టడం, లేనివి కనబడటం, ఫిట్స్ రావడం జరిగినా.

చివరి అంశం గురించి ఇంకొంత చెప్పాలి. కార్తీక మాసంలో మాల వేసుకుని ఒక్క పూటలో తాగుడు మానేసేవారు మన ఊళ్లలో ఏటా కనిపిస్తారు. దీక్ష మంచిదే. అయితే ఏళ్ల తరబడి పొద్దున్నే చుక్క పడనిదే చేయి నిలవని మనిషికి అలా హఠాత్తుగా మానడం ప్రాణం మీదికి తెచ్చే అవకాశం ఉంది కనుక, మాల వేసుకునే ముందే డాక్టరుతో మాట్లాడి, మానే రోజుల్లో వాడవలసిన మందులు ఏర్పాటు చేసుకోవాలి. వణుకు మొదలైన తర్వాత చేయవలసింది ఆస్పత్రిలో చేర్చడమే.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (మనుషులను, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) మీద ఆధారపడే ఊళ్లవారు, రాత్రి పంటు ఆగిపోయాక చించినాడ వంతెన మీదుగా ఏ బండిలో వెళ్లగలరో పగటిపూటే మాట్లాడి ఉంచుకోవాలి. లంక గ్రామాలవారు పడవ నడిపే మనిషి ఫోను నంబరు గోడ మీద రాసి పెట్టుకోవాలి.

2. మూడు దారుల్లో మీకు ఏది సరిపోతుంది?

మొదటిది టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ ఉచిత సేవకు 14416 లేదా 1800-891-4416 నంబర్లలో పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. ముందుగా శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు; అవసరమైతే సైకియాట్రిస్టుకు, అంటే మనసు డాక్టరుకు, కలుపుతారు, లేదా నేరుగా చూపించుకోవడానికి ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. స్మార్ట్‌ఫోను అక్కర్లేదు, బటన్ల ఫోను చాలు. మొదటిసారి అడుగు వేసేవారికి నేను చెప్పేది ఈ దారే.

రెండవది ఈ-సంజీవని, వీడియోలో డాక్టరుకు చూపించుకునే ప్రభుత్వ సేవ. దీనికి ఇంటి నుంచి మొబైల్ నంబరు, ఓటీపీలతో నమోదు కావచ్చు. స్వయంగా చేసుకోలేనివారు ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌కు వెళ్లాలి. మనవాళ్లు చాలామంది దీనిని ఇప్పటికీ సబ్‌సెంటర్ అనే పిలుస్తారు. బోర్డు మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని ఉండవచ్చు. అక్కడ ఉండే సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు) తన ట్యాబ్ నుంచి పై ఆస్పత్రి డాక్టరుకు వీడియోలో చూపిస్తారు. బీపీ, బరువు చూడటం కూడా అక్కడే అయిపోతుంది. సైకియాట్రిస్టు ఏ రోజు, ఏ వేళ అందుబాటులో ఉంటారో ముందు రోజే సీహెచ్‌ఓనో, ఏఎన్ఎమ్మునో అడిగి తెలుసుకుంటే ఉత్తపుణ్యానికి తిరిగే పని ఉండదు.

మూడవది డబ్బు చెల్లించి చూపించుకునే ప్రైవేటు డాక్టరు. ఇందులో రెండు రకాల వారున్నారు, తేడా తెలియాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు. వీరు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీపీఎం వంటి చదువు చదివి, మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉంటారు. మాటలతో, సాధనతో చికిత్స చేసేవారు క్లినికల్ సైకాలజిస్టు; వీరు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. డబ్బు కట్టే ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అసలు డాక్టరు సంకోచం లేకుండా చెబుతారు. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ (ఫోను, వీడియోల్లో దూరం నుంచి చేసే వైద్యం) మార్గదర్శకాల ప్రకారం రోగికి ఇచ్చే చీటీ మీద ఆ నంబరు ఉండే తీరాలి.

"మనసు కుదుటపరిచే కోర్సు, పదకొండు వేలే" వంటి ప్రకటనలు ఫోనులో ఎగిరి వస్తూ ఉంటాయి. వాటి కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు.

3. చోటు, ఫోను, సిగ్నల్

పల్లెలో ఏకాంతం దొరకడం సిగ్నల్ దొరకడం కన్నా కష్టం. మండువా ఇంట్లో ఒక గదిలో మాట్లాడితే నాలుగు గదులకు వినబడుతుంది; అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవారంతా ఆగి పలకరిస్తారు. డాబా మీద సిగ్నల్ బాగుంటుంది గానీ పక్క డాబా మీద బట్టలు ఆరేసే వదినగారి చెవిన అన్నీ పడతాయి. ఇవన్నీ ముందే ఆలోచించుకోవాలి.

కొబ్బరి తోటలో మకాం, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఖాళీగా ఉండే ఇంటి వెనుక గది, హెల్త్ క్లినిక్‌లోని లోపలి గది, ఆగి ఉన్న కారు, ఇవన్నీ పనికొచ్చేవే. ఏటిగట్టు, చెరువు గట్టు పనికిరావు. గాలి హోరుకు అవతలివారికి సగం మాటలు వినబడవు. వీడియోలో వెలుగు మొహం మీద పడాలి, వెనుక నుంచి రాకూడదు.

ముందు రోజు సరిచూసుకోవలసినవి:

- ఫోను పూర్తిగా ఛార్జి అయి ఉండాలి. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కనుక సిమ్‌లో డేటా ఉండాలి.
- అనుకున్న చోటునుంచే ఇంట్లోవారికి వీడియో కాల్ చేసి చూడాలి.
- తీగ ఉన్న ఇయర్‌ఫోను దగ్గర ఉంచుకోవాలి. అవతలి మాట పక్కవారికి వినబడదు.
- ఫోను భర్తదో, కొడుకుదో అయితే, డాక్టరు తిరిగి చేసే కాల్ ఎవరు ఎత్తుతారో ముందే అనుకోవాలి.
- పెన్ను, కాగితం, వాడుతున్న మందుల స్ట్రిప్పులు ఎదురుగా ఉండాలి.

4. చెప్పవలసిన కాగితం రాసుకోవడం

అన్నిటిలోకీ ముఖ్యమైన మెట్టు ఇది. దీనికి అరగంట పట్టినా నష్టం లేదు. ఎదురుగా కూర్చున్న రోగి నడక, బట్టలు, చేతుల వణుకు, వెంట వచ్చినవారి ముఖాలు డాక్టరుకు సగం కథ చెబుతాయి. చిన్న తెరలో అవేవీ కనబడవు కనుక ఆ సగం మీ మాటల్లోనే రావాలి.

"మనసు బాగోలేదండి" అని ఆపేస్తే డాక్టరుకు ఏమీ అందదు. ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళలో, దానివల్ల ఏ పని ఆగింది అనేవి కావాలి. ఉదాహరణకు రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్న ఒక రైతు గురించి ఆయన భార్య రాసిన కాగితం ఇలా ఉంటే బాగుంటుంది:

"వయసు 42. మూడు నెలలుగా రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు. ఏరియేటర్ ఆగిపోయిందేమోనని లేచి చెరువుకు వెళ్లి చూసి వస్తున్నారు, అది బాగానే తిరుగుతూ ఉంటోంది. అన్నం సగానికి తగ్గింది. సంక్రాంతికి కుట్టించిన చొక్కా వదులైంది. ఇదివరకు రాత్రికే మందు, ఇప్పుడు పొద్దున్నే కూడా తాగుతున్నారు. నెల రోజులుగా ఫోను మోగితే ఎత్తడం లేదు. 'నేను లేకపోతే మీకే నయం' అని రెండుసార్లు అన్నారు. షుగరు ఉంది, మందు పేరు ఇది. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన నిద్ర మాత్ర పదిహేను రోజులు వేసుకున్నారు, స్ట్రిప్పు దగ్గర ఉంది."

ఇందులో జబ్బు పేరు ఒక్కటి కూడా లేదు, అవసరం కూడా లేదు. జబ్బు పేరు పెట్టడం డాక్టరు పని. చూసింది చూసినట్టు రాస్తే చాలు.

కాగితంలో ఉండవలసినవి:

- ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఇంట్లో ఏం జరిగింది.
- నిద్ర, ఆకలి, బరువు, పని, నలుగురితో మాట్లాడటం: ఏది ఎంత మారింది.
- ఒంటి బాధలు: గ్యాస్, గుండె దడ, తల భారం, తిమ్మిర్లు, నరాల బలహీనత అని మీరు అనుకునేవి. ఇవి చెప్పడం నామోషీ కాదు. దిగులు చాలామందిలో ఒంటి బాధగానే బయటపడుతుంది.
- మద్యం, గుట్కా, నిద్ర మాత్రలు ఎంత, ఎప్పటి నుంచి.
- బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్, తలకు దెబ్బ తగిలిన సంగతి. ఆడవారిలో గర్భం, బిడ్డకు పాలివ్వడం.
- రక్త సంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా.
- చనిపోవాలన్న మాట వచ్చిందా, ఎన్నిసార్లు, ఎలా.

చివరి ప్రశ్న దగ్గర చాలా కుటుంబాలు తడబడతాయి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు. అలా జరగదు, మెల్లగా సూటిగా అడగడం వల్ల చాలామందికి బరువు దిగినట్టుంటుంది. కేసు అవుతుందన్న భయం ఇంకొకటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, అందుకు శిక్షించకూడదు. కాబట్టి డాక్టరు దగ్గర దాచవద్దు. అలాంటి మాట వచ్చిన ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన మాత్రలు అదే రోజు తాళంలోకి వెళ్లాలి, లేదా ఇల్లు దాటి వెళ్లాలి. తాళం చెవి వేరొకరి దగ్గర ఉండాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

5. మాట్లాడే రోజు వరుస

ఒకటి. అనుకున్న వేళకు పావుగంట ముందే చోటులో కూర్చోవాలి. టెలి మానస్‌కు అయితే ఫోను చేసి, భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు నొక్కాలి. వేచి ఉండమంటే పెట్టేయకుండా ఉండండి. కలవకపోతే కాసేపాగి మళ్లీ చేయండి.

రెండు. పేరు, వయసు, ఊరు చెప్పాలి. డాక్టరు రోగి ఎవరో నిర్ధారించుకోవాలన్నది నియమం కనుక ఈ ప్రశ్నలకు అనుమానపడనక్కర్లేదు. మీరు కూడా అవతలివారి పేరు, అర్హత అడగవచ్చు. బ్యాంకు ఖాతా వివరాలు, బ్యాంకు ఓటీపీ ఎవరు అడిగినా పెట్టేయండి.

మూడు. మొదటి రెండు వాక్యాల్లోనే అసలు బాధ చెప్పాలి. "నమస్కారమండి, మాది మలికిపురం దగ్గర పల్లె. మా అమ్మగారికి రెండు నెలలుగా నిద్ర లేదు, వంట కూడా మానేశారు, అందుకని చేశాను" అంటే చాలు. ఊరి రాజకీయం, అల్లుడి సంగతి తర్వాత అడిగితే చెప్పవచ్చు.

నాలుగు. రోగి మాట్లాడగలిగితే రోగే మాట్లాడాలి. కొంతసేపు ఇంట్లోవారు గది బయట ఉండాలి. కోడలు అత్తగారి ముందు, కొడుకు తండ్రి ముందు చెప్పలేని విషయాలు ఉంటాయి. రోగి చెప్పినది గోప్యంగా ఉంచడం చట్టం పెట్టిన బాధ్యత. పిల్లల విషయంలో మాత్రం పెద్దవారు పక్కన ఉండాలి. రోగి తెలివిలో ఉండి రానంటే, ఇంట్లోవారు ఆయన తరఫున మాట్లాడటానికి ఆయన అనుమతి కావాలి. అదీ దొరకకపోతే, ఇంట్లోవారు తమ కోసం టెలి మానస్‌కు ఫోను చేసి, ఇలాంటి మనిషితో ఎలా మెలగాలో అడగవచ్చు.

ఐదు. పెట్టేసే ముందు ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకోవాలి:

- మందు ఎప్పుడు వేసుకోవాలి, ఎన్నాళ్లకు గుణం కనిపిస్తుంది?
- ఏ ఇబ్బంది వస్తే మీకు చెప్పాలి, ఏది వస్తే ఆస్పత్రికి పరుగెత్తాలి?
- రక్త పరీక్షలు ఏమైనా కావాలా?
- మళ్లీ ఎప్పుడు, ఏ నంబరుకు?

మందులు అవసరమయ్యే మొదటి సంప్రదింపు వీడియోలో జరిగితేనే మంచిది. మార్గదర్శకాల ప్రకారం చాలా మందులను మొదటిసారి రాయాలంటే వీడియో చూపు ఉండాలి. ఆ తర్వాత అవే మందుల కొనసాగింపుకు మామూలు కాల్ సరిపోవచ్చు.

6. చీటీ వచ్చాక

ఈ-సంజీవనిలో వచ్చే చీటీని ఫోనులోనే వదిలేయకుండా మీ-సేవలోనో, జిరాక్స్ షాపులోనో రెండు ప్రతులు తీయించాలి. మందుల షాపులో "ఫోను చీటీ చెల్లదు" అంటే, డాక్టరు పేరు, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు చూపించండి. అవన్నీ ఉన్న చీటీ మామూలు చీటీతో సమానం.

కొన్ని మందులను మాత్రం ఏ డాక్టరూ ఆన్‌లైన్‌లో రాయకూడదు. షెడ్యూల్ ఎక్స్ మందులు (చట్టం గట్టి నియంత్రణలో ఉంచిన జాబితాలోనివి), మాదకద్రవ్యాల చట్టం కిందకు వచ్చే మందులు ఇందులో ఉన్నాయి. అలవాటుగా మారే నిద్ర మాత్రలు కొన్ని ఆ చట్టం కిందవే. అందువల్ల "ఆ పాత నిద్ర మాత్రే రాయండి" అని పట్టుబట్టి ప్రయోజనం లేదు, నేరుగా వెళ్లి చూపించుకోవాలి.

దిగులుకు ఇచ్చే మందులు గుణం చూపడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో వికారం, కాస్త ఆందోళన ముందు రావచ్చు, మేలు తర్వాత వస్తుంది. సరిగ్గా ఈ వారంలోనే "పడలేదు" అని మానేసేవారు ఎక్కువ. మానేయాలనిపిస్తే ముందు ఫోను చేయండి. చిన్న వయసువారిలో ఈ తొలి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవారు దగ్గరుండి గమనించాలి.

లిథియం వాడేవారికి ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. మే నెల ఉక్కలో చెరువు పనిలోనో, కోత పనిలోనో చెమట విపరీతంగా పట్టినా, వాంతులు విరేచనాలు అయినా ఆ మందు ఒంట్లో ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. నీళ్లు తగ్గనీయకూడదు, ఉప్పు ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు చెప్పిన గడువుకు రక్త పరీక్ష తప్పకూడదు. చేతులు బాగా వణుకుతున్నా, మాట ముద్దగా వస్తున్నా ఆస్పత్రికి వెళ్లాలి.

7. తరచు జరిగే పొరపాట్లు, సవరణలు

*మాట మధ్యలో కాల్ తెగిపోవడం.* మొదలు పెట్టగానే "తెగిపోతే ఈ నంబరుకు చేయండి" అని రెండో నంబరు చెప్పి ఉంచాలి. వీడియో ఆగుతూ ఉంటే మాట వరకు ఉంచి, కెమెరా ఆపమని అడగాలి.

*ప్రతిసారీ కొత్త డాక్టరుకు మొదటి నుంచి చెప్పవలసి రావడం.* ఒక వంద పేజీల నోటు పుస్తకం పెట్టి, తేదీ, డాక్టరు పేరు, మందు, మోతాదు, వచ్చిన మార్పు రాయాలి. రెండోసారి నుంచి ఆ పుస్తకం చదివితే చాలు. ఫోను పోయినా పుస్తకం ఉంటుంది.

*ఒక డాక్టరు మందు పైన ఇంకొకరి మందు.* కాకినాడ డాక్టరు రాసినవి వాడుతూనే ఆన్‌లైన్ డాక్టరు రాసినవి కలపడం ప్రమాదం. అన్ని స్ట్రిప్పులూ కెమెరాకు చూపించాలి. ఆకు మందు, పసరు కూడా చెప్పాలి.

*"గాలి సోకింది" అని ఆగిపోవడం.* తాయెత్తు కట్టించుకున్నారని ఇంట్లో పెద్దవారితో వాదనకు దిగితే వైద్యమూ ఆగిపోతుంది. తాయెత్తు ఉండనివ్వండి, ఫోను కూడా చేయనివ్వండి. కట్టేయడం, కొట్టడం, పస్తు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు.

*గుణం కనిపించగానే ఆపేయడం.* ఎన్నాళ్లు వాడాలో, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. హఠాత్తుగా ఆపితే కళ్లు తిరగడం, నిద్ర చెడటం, పాత జబ్బు తిరిగి రావడం జరగవచ్చు.

8. వరద రోజులకు ముందస్తు ఏర్పాటు

జూలై, ఆగస్టు నెలల్లో లంకలకు రాకపోకలు ఆగితే మందు ఆగుతుంది. మందు ఆగితే నెలల వైద్యం వెనక్కు పోతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చేవరకు ఆగవద్దు. జూన్ చివరిలోనే డాక్టరుతో మాట్లాడి, ఆ సీజనుకు సరిపడా చీటీ రాయించుకోవాలి. చనిపోవాలన్న మాట అన్న మనిషి ఇంట్లో ఉంటే ఆ నిల్వ వేరొకరి చేతిలో ఉండాలి, వారం వారం ఇవ్వాలి.

- మందులు, చీటీ ప్రతి, నోటు పుస్తకం ఒకే ప్లాస్టిక్ సంచిలో, అటక మీద.
- పునరావాస శిబిరానికి వెళ్లేటప్పుడు ఆశ కార్యకర్తకు మందు సంగతి ఒక్కరికే చెప్పి ఉంచడం.
- సెల్ టవరు పనిచేయని రోజుల్లో ఎవరి ద్వారా కబురు పంపాలో అనుకోవడం.

9. కువైట్, దుబాయిల్లో ఉన్నవారి సంగతి

కోనసీమ నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తోంది. అక్కడ ఉన్న కొడుకు ఇక్కడి తల్లి కోసం డబ్బు కట్టి, వేళ ఖాయం చేసి, వీడియోలో మూడో మనిషిగా కూర్చోవచ్చు. తల్లి సరేననాలి, అంతే. అక్కడే పనిచేస్తున్న మనిషికి బాగోలేనప్పుడు పరిస్థితి వేరు. మన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దేశం బయట ఉన్నవారికి చేసే వైద్యాన్ని తమ పరిధిలోకి తీసుకోలేదు, ఇక్కడి చీటీని అక్కడి ఫార్మసీ ఒప్పుకోవాలన్న నియమం లేదు. ఇక్కడి నుంచి నిద్ర మాత్రలు పార్సిల్ పంపడం అక్కడ నేరంగా పరిణమించవచ్చు కనుక ఆ పని అసలే చేయవద్దు. అక్కడి ఆస్పత్రిలో చూపించుకోమని చెప్పాలి. పాత చీటీలు ఉంటే ఫోటో తీసి పంపాలి. ఒంటరిగా ఉండలేని స్థితిలో ఉంటే అదే గదిలో ఉండే మనవాళ్లకు ఫోను చేసి, టికెట్టు తీసే వరకు పక్కన ఉండమని అడగాలి.